లక్కపిడతలు విన్నది

తన ఇంట్లో తనే దొంగతనం చేయాల్సి వస్తుందని నూకరత్నం ఏనాడూ అనుకోలేదు. అటక మీది తాటాకు బుట్ట చప్పుడు కాకుండా దించి, అందులోంచి బొటనవేలంత లక్క బిందెను తీసి, బుట్టను మళ్లీ ఉన్నచోటే పెట్టి, బిందెను హ్యాండ్‌బ్యాగులో రుమాలు కింద దాచేసరికి ఆవిడకు చెమటలు పట్టాయి. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, సముద్రం ఒడ్డున అంత పెద్ద కాంతి కేంద్రంలో ఒక బీమ్‌లైన్‌ను నడిపించే శాస్త్రవేత్త, మునివేళ్ల మీద నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

వాళ్లమ్మ ఎర్నమ్మ వెనక బాల్కనీలో కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆ అలవాటును మాన్పించడానికి కూతురు చేయని ప్రయత్నం లేదు. క్వార్టర్సులో పొగ తాగరాదని బోర్డు కూడా ఉంది. నిప్పు నోట్లోనే ఉంటే ఇక బయటికొచ్చే పొగ ఎంతని, ఆ బోర్డు రాసినవాడికి అడ్డపొగ సంగతి తెలియదని ఎర్నమ్మ వాదన.

"ఏటే, అటక మీద ఏటెతుకుతన్నావు?" అంది తల తిప్పకుండానే.

పాత పుస్తకమని అబద్ధమాడి, కాఫీ సగంలోనే వదిలేసి నూకరత్నం బయటపడింది.

కాంతి కేంద్రం అక్కడికి నడిచిపోయేంత దూరమే. పైనుంచి చూస్తే ఆ భవనం చిల్లు పెట్టిన గారెలా ఉంటుందని అక్కడ పనిచేసేవాళ్లే నవ్వుకుంటారు. గారె అంచు వెంట ఉక్కు గొట్టంలో ఎలక్ట్రాన్లు దాదాపు వెలుతురంత వేగంతో పరిగెడుతుంటాయి. అయస్కాంతాలు మలుపు తిప్పిన ప్రతిచోటా అవి ఎక్స్‌రే వెలుగును విదిలిస్తాయి. ఆ వెలుగును బీమ్‌లైన్లనే పక్క గొట్టాల్లోకి లాగి, ఒక్కో గొట్టం చివర సీసపు గోడల గది కట్టి, ఎవరికి కావలసింది వాళ్లు అందులో పెట్టి చూసుకుంటారు. ఒకరు మందుల స్ఫటికాలు పెడితే ఒకరు వరిగింజలు పెడతారు. నూకరత్నం గదిలో పెట్టేవి లక్కబొమ్మలు.

బిందెను చిన్న తిరుగుడు బల్ల మీద మైనంతో నిలబెట్టింది. గదిలో ఎవరూ మిగల్లేదని మూలమూలా చూసి, మీటలు నొక్కి, బరువైన తలుపు మూసింది. హెచ్చరిక సైరన్ మోగి ఆగింది. ఎప్పుడో తన చిన్నప్పుడు కొయ్యను తిప్పే తరిమెన మీద గిర్రున తిరిగిన బిందె ఇప్పుడు వెలుగు ఎదుట మళ్లీ మెల్లగా తిరిగింది. బయట తెర మీద దాని లక్కపూత లోపలి పొర కనిపించింది. ఆ పొర నిండా కంటికి ఆనని సన్నటి అలలు వరసలు కట్టి ఉన్నాయి.

ఆ అలల సంగతి కనిపెట్టింది నూకరత్నమే. కొన్నేళ్ల కిందట ఒక మ్యూజియం వాళ్లు పాత లక్కబొమ్మల రంగు ఎందుకు చెదరలేదో చూడమని పంపారు. పొరల్లో అలలు చూసి అందరూ తరిమెన ఊగిసలాటే అనుకున్నారు. నూకరత్నం మాత్రం వరాహ నది ఒడ్డున బొమ్మలు చేసే ఇంట్లో పుట్టింది. తిరుగుతున్న అంకుడు కొయ్యకు లక్క కర్రను అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుందని, రెప్పపాటులో గట్టిపడుతుందని ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ రెప్పపాటులో పక్కన కుక్క మొరిగినా ఆ అదురు లక్కలో పడిపోయి ఉండాలని ఆవిడకు తోచింది. కర్ర జరిగేకొద్దీ రెప్పపాటు పక్కన రెప్పపాటు చేరి మాటలకు మాటలే అందులో నిలిచిపోతాయి. పైన మొగలి ఆకుతో ఎంత నునుపు చేసినా లోపలి పొరలో అది చెక్కుచెదరదు.

తోచడం తేలికే, వినడమే గగనమైంది. లక్కలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు తరిమెన తిప్పే మోటారుది. అది ఒక్క తీరున మోగితే తీసేయడం సులువే. కానీ కర్ర అదిమితే మోత కిందికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. నూకరత్నం రెండేళ్లు కూర్చుని ఒక ప్రోగ్రాం రాసింది. మోటారు మోత ఎటు వంగితే అటు వెంటబడిపోయి, దానితో కలిసి నడిచే ప్రతి చప్పుడునూ ఏరేసే జల్లెడ అది. ఆ జల్లెడ పట్టాక, మ్యూజియం బొమ్మలోంచి ఎప్పుడో పోయిన ఒకావిడ గొంతు "వక్కలున్నాయేటే" అని అడిగింది. ఆ మాట విని దేశదేశాల వాళ్లు ఆ గదికి వరస కట్టారు. ఆ జల్లెడకు బహుమతులు వచ్చాయి. దాన్ని గురించి అడిగితే నూకరత్నం ఎప్పుడూ కాస్త తల ఎగరేసి చెప్పేది.

ఒకటే లోటు. అంత వెలుగు పడితే లక్క తట్టుకోలేదు. ఎర్రగా మెరిసేది మాడి గోధుమరంగుకు తిరుగుతుంది, అలలన్నీ చదునైపోతాయి. ఏ బొమ్మనైనా ఒక్కసారే వినగలం.

అందుకే ఆ బుట్ట జోలికి పోవడానికి ఆవిడకు ఇన్నేళ్లు పట్టింది. బుట్టలో ఉన్నవి తనకు ఏడెనిమిదేళ్లప్పుడు తండ్రి సింహాద్రి చేసిపెట్టిన లక్కపిడతలు: బిందె, చట్టి, పొయ్యి, రోలు, తిరగలి. సింహాద్రి నోట్లో నాలుక లేని మనిషి. బేరగాడు సగం ధర అన్నా తలూపి ఇచ్చేసేవాడు. కూతురితో మాట్లాడినట్టు ఆవిడకు గుర్తే లేదు. హాస్టల్లో దింపిన రోజున గేటు దగ్గర ఆమె ట్రంకుపెట్టె తాళం వేసి, తీసి, మళ్లీ వేసి చూసి, తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నూకరత్నం ఎమ్మెస్సీ పరీక్షలు రాస్తుండగా జ్వరంతో పోయాడు. ఆయన గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు. ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే మోటారు మోతే గుర్తొచ్చేది.

నూకరత్నానికి కావలసింది ఒక్క మాట. తనను "అమ్మీ" అని పిలిచినా చాలు, ఆఖరికి కోడిని అదిలించినా చాలు. అమ్మకు ముందుగా చెప్పకపోవడానికి, దొరక్కపోతే ముసలి ప్రాణం బాధపడుతుందన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరే ఉంది. ఆ మాటను ముందు తనొక్కతే వినాలనుకుంది.

బిందెలో కోళ్లు వినిపించాయి. తర్వాత ఊళ్లోకి వచ్చిన బస్సు హారన్, కూడు తిందువు రమ్మని పిలిచే ఎర్నమ్మ గొంతు, అంత పడుచు గొంతు. పిలుపుకు బదులు లేదు. పోనీలే, ఇంకా నాలుగున్నాయి కదా అనుకుంది. మాడిన బిందెను తిరిగి బుట్టలో అడుగున పెట్టేసింది.

చట్టిలో తాటాకు కప్పు మీద వాన పడింది. పొయ్యిలో పక్కింటివాళ్లెవరో అప్పడిగారు, దానికి కూడా ఎర్నమ్మే జవాబు చెప్పింది. రోలు విన్నరోజున నూకరత్నం కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. అందులో ఉన్నది తనే. సన్నటి గొంతుతో మూడో ఎక్కం గడగడా అప్పజెబుతూ, మూడెనిమిదుల దగ్గర ఆగిపోయింది. మళ్లీ అందుకుని మళ్లీ అక్కడే ఆగింది. ఆ వెంటనే అమ్మ పకపకా నవ్వింది. ఇరవై నాలుగని అందించేవాళ్లు లేరు. పక్కనే చేతిలో లక్క కర్ర పట్టుకున్న తండ్రి ఉన్నాడు, ఉండి తీరాలి, ఆయన చేతి కిందే కదా ఆ రోలు తయారైంది. అయినా ఆయన నోరు తెరవలేదు. పిల్ల తడబడితే తల్లి నవ్వింది, తండ్రి పట్టించుకోలేదు. నూకరత్నానికి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

తిరగలిని ఆ కోపంతోనే పెట్టింది. దానిలో లక్క కర్ర సర్రుసర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

లక్కలోంచి తవ్వి తీసినా పలకని మనిషి అనుకుంది. సర్వర్లు చూసుకునే డేవిడ్ రాజు టీ తాగుదాం రమ్మన్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఇంటి మనిషిలాంటివాడు. ఆవిడ మొహం చూసి ఇంకేమీ అడగకుండా టీ తనే తెచ్చిపెట్టి వెళ్లిపోయాడు. నూకరత్నం అది చల్లారేదాకా తెర వైపే చూస్తూ కూర్చుంది. ఆవిడ బాధ తండ్రి మాట దొరకలేదని కాదు. ఆయన దగ్గర తన కోసం మాటే లేదని ఇప్పుడు రుజువైపోయింది.

వారం తిరక్కుండానే దొంగతనం బయటపడింది. ఎదురింటి పాప ఆడుకోవడానికి వస్తే ఎర్నమ్మ అటక మీది బుట్ట దింపించింది. సాయంత్రం నూకరత్నం ఇంటికొచ్చేసరికి పాప వెళ్లిపోయింది. హాలులో పేపరు పరిచి, దాని మీద అయిదు పిడతలనూ వరసగా పెట్టుకుని ఎర్నమ్మ కూర్చుని ఉంది.

"ఇవేటే ఇలగ మాడిపోనాయి?"

కోప్పడి ఉంటే నూకరత్నం కూడా ఎదురు తిరిగేదేమో. అమ్మ కోప్పడలేదు. మాడిన తిరగలిని కొంగుతో తుడుస్తోంది, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. నూకరత్నం పక్కన కూలబడి మొత్తం చెప్పేసింది. చెప్పాక, పోయినవి పోయాయి కదా, కనీసం విననీ అని ఫోనులో ఒక్కొక్కటీ పెట్టింది.

ఎర్నమ్మ మొదట నమ్మలేదు. కోళ్లు అరవగానే, తమ ఎర్రపెట్ట గొంతేనని గుర్తుపట్టేసి బోసినోటితో నవ్వింది. అప్పడిగిన పక్కింటావిడను పేరుతో సహా తిట్టింది. రోలు దగ్గరికి వచ్చేసరికి కూతురి ఎక్కం, తన నవ్వు రెండూ శ్రద్ధగా విన్నది. అయిపోయాక ఇంకా ఏదో వస్తుందన్నట్టు ఫోనుకేసి చూసింది.

"మరి పాటేదే?"

"ఏం పాట?"

"మీ అయ్య పాట. నానెందుకు నవ్వినాననుకున్నావు? నువ్వు తప్పినావనా?"

నూకరత్నానికి అర్థం కాలేదు. అయ్య పాడటమేమిటని అడిగింది. ఎర్నమ్మ కూతురి వైపు వింతగా చూసింది. ఇంత చదివిన పిల్లకు ఇంట్లో సంగతి తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"రోజూ పాడీవోడే. మోటారెలగ మూలిగితే అలగే గొంతెట్టీవోడు. అది దిగితే ఈయనా దిగీవోడు, అది లేత్తే ఈయనా లేసీవోడు. ఎవులికీ ఇనపడకూడదని. శానా సిగ్గు మీ అయ్యకి. లక్క కర్రలందిచ్చీదాన్ని, పక్కన కూకుండీదాన్ని, నాకొక్కదానికే ఇనపడీది."

ఏం పాడేవాడో నూకరత్నం అడగకుండానే ఎర్నమ్మ చెప్పింది. పాటలంటే పెద్ద పాటలేమీ కావట, ఎదుట ఏది జరిగితే దాని మీద అల్లేవాడట. ఎక్కువ కూతురి మీదే. కొత్త గౌను వేసుకుంటే దాని మీద, ముక్కు చీదితే దాని మీద. ఆ రోజు ఎక్కం ఆగిపోగానే ఎత్తుకున్నాడట. ఎర్నమ్మ గొంతు తగ్గించి, ముక్కుతో మూలుగుతున్నట్టు పాడి చూపించింది.

"మా రత్నమ్మ బండి మూడెనిమిదుల కాడ ఆగిపోనాదీ... తొయ్యండి బాబూ తొయ్యండీ..."

పాడి మళ్లీ నవ్వింది. నవ్వుతూనే కూతురి మొహం చూసి ఆపేసింది.

మోటారుతో కలిసి నడిచే ప్రతి చప్పుడునూ ఏరేసే జల్లెడ. ఆవిడే రాసింది. తండ్రి పాట ఒక్క అక్షరం కూడా మిగలకుండా ఏరి పారేసింది. అయిదు సార్లూ.

పొద్దున్నే డేవిడ్ రాజు గదిలోకి దూసుకుపోయింది. జల్లెడ పట్టకముందు బొమ్మలోంచి వచ్చిన ముడి డేటా ఏ మూలనైనా మిగిలిందేమో చూడమంది. ఆయన చాలాసేపు వెతికాడు. బ్యాకప్ డిస్కులు కూడా తీసి చూశాడు. ఆ గదిలో ఒక్క పూటలో పుట్టే ముడి డేటా మిగతా బీమ్‌లైన్లన్నీ కలిపినదాని కంటే ఎక్కువ. అందుకని శుభ్రం చేసిన శబ్దం ఒక్కటే ఉంచుకుని ముడిసరుకు వెంటనే చెరిపేయాలని ఎప్పుడో కమిటీ తీర్మానం చేసింది. డేవిడ్ రాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అప్పుడు నేను ఒక నెలైనా ఉంచుదామన్నానండీ. మోటారు మోత దాచుకుని ఏం చేసుకుంటామని మీరే అన్నారు" అన్నాడు. దెప్పడం ఆయన ఉద్దేశం కాదు, గొంతులో ఉన్నది జాలి. అదే ఆవిడకు మరీ కష్టంగా తోచింది.

ఆ తర్వాత కొన్నాళ్లు నూకరత్నం బీమ్‌లైన్ పని పక్కవాళ్లకు అప్పగించి ఇంట్లోనే ఉండిపోయింది. ఏ మ్యూజియం బొమ్మలో ఏ అయ్య గొంతు జల్లెడలో పోయిందోనని లెక్క వేసుకోబోయి, భయపడి మానేసింది. అన్నిటికన్నా తలచుకుంటే కుమిలిపోయేది ఒకటే. ఇదంతా ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అమ్మ పక్కగదిలోనే ఉంది. లక్క మందం ఎంతో, మోటారు వేగం ఎంతో ఎక్కడెక్కడి వాళ్లనో అడిగి తెలుసుకుంది. అయ్య పనిచేసేటప్పుడు ఎలా ఉండేవాడని ఆ పక్కగదిలోకి వెళ్లి అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఎర్నమ్మ బాల్కనీలోంచి లేచి వచ్చి, కూతురి ఒళ్లో ఒక లక్క భరిణె పెట్టింది. ఎప్పుడో కుంకుమకని సింహాద్రి చేసి ఇచ్చినది. ఆయన పోయాక అందులో చుట్టముక్కలు దాచుకుంటోంది. ఖాళీ చేసి, కడిగి తెచ్చింది. అయినా పొగాకు వాసన కొడుతోంది.

నూకరత్నం దాన్ని వెనక్కి నెట్టింది. మిగిలింది ఇదొక్కటేనని, ఇది కూడా మాడిపోతే ఆయన చేతి గుర్తే ఉండదని చెప్పింది. పైగా జల్లెడ తీసేస్తే వచ్చేది మోటారు రొద. అందులోంచి గొంతును విడదీసే ఉపాయం తనకు తెలియదు, అసలు ఎప్పటికైనా దొరుకుతుందో లేదో తెలియదు. దొరికేదాకా దాచిపెడదాం అంది.

"దాసి ఏటి సేత్తావు?" అంది ఎర్నమ్మ. "నాను పోనాక నీకిది ఒట్టి లక్కే. ఆ రొదలో మీ అయ్యెక్కడున్నాడో ఎవులు సెప్తారు నీకు? నానున్నప్పుడే ఇను."

నూకరత్నం భరిణెను చేతిలోకి తీసుకుంది.

తల్లీకూతుళ్లు కలిసి కాంతి కేంద్రానికి వెళ్లారు. గేటు దగ్గర చుట్ట పారేయమంటే ఎర్నమ్మ ఆర్పి రొంటిన దోపుకుంది. సైరన్ మోగితే చెవులు మూసుకుంది. భరిణె తిరుగుడు బల్ల మీద తిరగడం తెర మీద చూసి, ఇంత మెల్లగా తిరిగితే లక్క పట్టదని విమర్శించింది. డేవిడ్ రాజు ముడి డేటాను మూడు చోట్ల భద్రం చేశాడు. సీసపు గది తలుపు తీసేసరికి భరిణె మాడిన గోధుమరంగులో ఉంది.

ముందు నూకరత్నమే హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మోటారు మోత. దిగింది, లేచింది, మళ్లీ దిగింది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఉన్న ప్రాణమంతా చెవుల్లోకి తెచ్చుకుని విన్నది. మోటారే. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుని ఏ చప్పుడును విసుక్కుంటూ బయట అరుగు మీదికి వెళ్లి కూర్చునేదో, అదే చప్పుడు.

హెడ్‌ఫోన్లు తీసి అమ్మ తలకు పెట్టింది. కాసేపటికి ఎర్నమ్మ కుడిచేయి దానంతటదే ముందుకు చాపుకుంది. వేళ్లు దేన్నో అందించి వెనక్కి వచ్చాయి, మళ్లీ చాపుకున్నాయి. లక్క కర్రలు అందిస్తోందని నూకరత్నానికి ఆలస్యంగా అర్థమైంది. పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి ఎర్నమ్మ పకపకా నవ్వింది, రోలులో విన్న నవ్వే.

"ఇన్నావా?" అంది గట్టిగా, చెవులు మూసి ఉన్నవాళ్లు మాట్లాడేలా.

"ఇన్నానమ్మా."

"ఏటన్నాడు?"

నూకరత్నం తల వంచుకుంది. ఎర్నమ్మ హెడ్‌ఫోన్లు తీసి కూతురికి పెట్టి, ఒకవైపుది కాస్త పక్కకు జరిపి, ఆ చెవి దగ్గర నోరు పెట్టింది. మళ్లీ మొదటినుంచి పెట్టించింది. మోటారు మొదలైంది. దాని శ్రుతిలోనే, దాని వెంటే దిగుతూ లేస్తూ, పొగాకు వాసన వేసే ఊపిరితో ఎర్నమ్మ సన్నగా పాడింది. రత్నమ్మ హాస్టలుకు వెళ్లిపోతుందట. పెట్టెకు తాళం గట్టిది వేయించాలట. దానికి జ్వరం వస్తే చూసేవాళ్లెవరట, ఎవరో ఒకరు చూడండి బాబూ చూడండి.

నూకరత్నం ఒక చెవిలో మోటారునూ ఒక చెవిలో అమ్మనూ విన్నది. రెండూ కలిసినచోట ఒక మగగొంతు లీలగా కదిలినట్టే ఉంది. అది లక్కలోంచి వస్తోందో, అమ్మ నోట్లోంచి వస్తోందో ఇంత చదువూ చెప్పలేకపోయింది. ఎర్నమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగగానే గొంతు పోయింది, మోటారు మిగిలింది.

"ఆపకమ్మా" అంది నూకరత్నం.

ఎర్నమ్మ ఆమె తల దగ్గరికి తీసుకుని మళ్లీ అందుకుంది.